కోట వాకిటి కొలను

నేటి ఛత్రపతి శంభాజీనగర్ నుంచి ఎల్లోరాకు వెళ్లే దారిలో దౌలతాబాద్ కొండ ఒంటరిగా నిలబడి ఉంటుంది. గత శీతాకాలంలో మా విద్యార్థులతో కలిసి ఆ కోట ఎక్కాను. ప్రాకారాలు ఒక్కొక్కటే దాటి, చాంద్ మినార్ నీడలో కాసేపు నిలిచి, నిలువునా చెక్కిన కొండ చుట్టూ ఉన్న కందకాన్ని, ఆపై చీకటి సొరంగాన్ని దాటి శిఖరం చేరాం. అక్కడి నుంచి చూస్తే చుట్టూ ఉన్న మైదానమంతా కనిపిస్తుంది. యాదవుల దేవగిరి ఇదే. 1327లో తుగ్లక్ రాజధానిగా చేసుకున్నదీ దీన్నే. 1687లో గోల్కొండ పతనమయ్యాక మన తానీషా బందీగా శేషజీవితం గడిపిందీ ఇక్కడే. మా గైడు ఇవన్నీ చెప్పాడు. 1934 సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ ఏడాది డాక్టర్ అంబేడ్కర్ సుమారు ముప్పైమంది సహచరులతో ఎల్లోరాకు వెళుతూ ఈ కోట దగ్గర ఆగారు. అప్పటికే ఆయన కొలంబియా, లండన్ విశ్వవిద్యాలయాల పట్టభద్రుడు, రౌండ్ టేబుల్ సమావేశాల్లో అణగారినవారి పక్షాన మాట్లాడిన నాయకుడు. ప్రయాణపు దుమ్ము వదిలించుకోవడానికి కోట ద్వారం ముందున్న చిన్న కొలనులో అందరూ ముఖం, కాళ్లు చేతులు కడుక్కున్నారు. అంతలో ఒక ముస్లిం వృద్ధుడు, అంటరానివాళ్లు నీటిని మైలపరిచారంటూ కేకలు వేస్తూ పరుగున వచ్చాడు. జనం పోగయ్యారు. వచ్చినవారితో పాటు స్థానిక దళితులనూ దూషించారు. మీ మతం నేర్పేది ఇదేనా, మేం ముస్లింలుగా మారితే అప్పుడూ ఈ నీటిని ముట్టనివ్వరా అని అంబేడ్కర్ ఆగ్రహంతో నిలదీశారు. చివరకు కోట చూడడానికి అనుమతి లభించింది. అయితే లోపల ఎక్కడా నీటిని తాకకూడదన్నది షరతు. అది అమలయ్యేలా చూడడానికి ఒక సాయుధ సైనికుణ్ణి వెంట పంపారు.

కోటకు కాపలా శత్రువును ఆపడానికి. ఆనాటి కాపలా మాత్రం మనిషి చేతికి నీరు తగలకుండా చూడడానికి. శతాబ్దాల యుద్ధాలు చూసిన ఆ కోటలో ఇంతకు మించిన అవమానకర దృశ్యం ఏముంటుంది?

‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో అంబేడ్కర్ స్వయంగా నమోదు చేసిన ఈ ఘటనను ముస్లింల మీద నిందగా వాడుకోజూసేవారు ఉన్నారు. అది సగం చదువే. అదే రచనలో ఆయనను బరోడా సత్రం నుంచి వెళ్లగొట్టినవారు పార్సీలు. 1927లో మహాడ్ చెరువు నీళ్లు తాగినందుకు దళితుల మీద దాడి చేసినవారు సవర్ణ హిందువులు. హిందువుకు అంటరానివాడైన మనిషి ఇతర మతస్థులకూ అంటరానివాడే అవుతున్నాడన్నది ఆయన గ్రహించిన సత్యం. కులం ఒక మతం గడప లోపలే ఆగిపోదు. పక్కింటి గాలిలాగా అందరి ఇళ్లలోకీ వెళుతుంది.

దౌలతాబాద్ అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. అంటే మన తెలంగాణ తాతముత్తాతలు ఏ ప్రభువు ప్రజలో, ఆ ప్రభువు ఏలుబడిలోనే ఇది జరిగింది. ప్రభుత్వ నిధులతో నిర్వహించే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు చేరే స్థలాల వాడకంలో కులవివక్ష కూడదని రాజ్యాంగం 15(2) అధికరణ చెబుతోంది. చాలామంది విద్యార్థులు దాన్ని పరీక్ష కోసం కంఠస్థం చేస్తారు. ఆ ఒక్కొక్క పదం వెనుక ఒక్కొక్క గాయం ఉందని తెలిసేది ఇలాంటి చోట్లనే. ఆ అధికరణ అమలులోకి వచ్చిన ముప్పై అయిదేళ్లకు, 1985లో, మాదిగలు తాగే చెరువు నీటిని మురికి చేయవద్దన్న మాట దగ్గరే కారంచేడు మారణకాండకు నిప్పు రాజుకుంది.

దిగి వస్తుండగా ఒక విద్యార్థిని, ‘ఆ కొలను ఏది సార్?’ అని అడిగింది. మేం విచారించాం. చూపించగలవారెవరూ మాకు దొరకలేదు. రాజుల తేదీలు చెప్పే కోట, తన వాకిట జరిగిన ఈ సంగతినీ చెప్పాలి. ద్వారం దగ్గర ఒక ఫలకం పెట్టి, 1934 నాటి ఆ నీటి కథను మరాఠీలో, ఉర్దూలో, తెలుగులో రాయాలి. ఈసారి వెళ్లే విద్యార్థులు శిఖరానికి పరుగెత్తే ముందు కాసేపు అక్కడ ఆగితే, కోట చరిత్ర మరింత పూర్తిగా అర్థమవుతుంది.