రెండు భాషలు – మెదడు ఆరోగ్యం: హైదరాబాద్ పరిశోధకుల అధ్యయనం చెప్పినదేమిటి?

(ప్రత్యేక వ్యాసం)

వయసు పైబడిన వారు తెలిసిన దారి తప్పడం, అడిగినదే మళ్లీ మళ్లీ అడగడం, సొంత మనుషులను పోల్చుకోలేకపోవడం వంటి లక్షణాలను అనేక కుటుంబాలు వృద్ధాప్యంలో సహజమైన చాదస్తంగా భావిస్తుంటాయి. ఇవి డిమెన్షియా అనే వ్యాధికి సూచనలు కావచ్చును. 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం, దేశంలో 60 సంవత్సరాలు పైబడిన వారిలో 7.4 శాతం మంది, అనగా సుమారు 88 లక్షల మంది, ఈ వ్యాధితో బాధపడుతున్నారని అంచనా. దీనిని పూర్తిగా నయం చేయగల మందు ఇంతవరకు లేదు. అందువలన వ్యాధి లక్షణాలు బయటపడడాన్ని కొన్ని సంవత్సరాలు వాయిదా వేయగల ఏ అంశమైనా రోగికి, కుటుంబానికి, ప్రజారోగ్య వ్యవస్థకు ఎంతో విలువైనది. ఈ దిశలో హైదరాబాద్ పరిశోధకులు 2013లో ప్రకటించిన ఫలితాలు ప్రపంచవ్యాప్తంగా శాస్త్రవేత్తల దృష్టిని ఆకర్షించాయి.

సమష్టి కృషి

1989లో రాష్ట్ర చట్టం ద్వారా విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందిన నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్)లో డాక్టర్ సువర్ణ అల్లాడి నాయకత్వాన ఈ అధ్యయనం జరిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం నుండి భాషాశాస్త్ర ఆచార్యులు దుగ్గిరాల వసంత, హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుండి ఆచార్య ఎస్. బాపిరాజు, బ్రిటన్‌లోని ఎడింబరో విశ్వవిద్యాలయం నుండి డాక్టర్ థామస్ బాక్ ఇందులో పాలుపంచుకున్నారు. వైద్యులు, భాషావేత్తలు, మెదడు పనితీరును పరిశోధించే శాస్త్రజ్ఞులు ఒకే ప్రశ్నపై కలిసి పనిచేయడం ఈ కృషి ప్రత్యేకత.

అధ్యయన ఫలితాలు

నిమ్స్ మెమరీ క్లినిక్‌లో 2006 – 2012 మధ్య వ్యాధి నిర్ధారణ అయిన 648 మంది వివరాలను పరిశీలించగా, వారిలో 391 మంది రెండు లేక అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారని తేలింది. ఒకే భాష మాట్లాడే వారిలో సగటున 61.1 సంవత్సరాల వయసులో వ్యాధి లక్షణాలు మొదలు కాగా, రెండు భాషలు మాట్లాడే వారిలో 65.6 సంవత్సరాల వయసులో మొదలయ్యాయి. అనగా నాలుగున్నర సంవత్సరాల తేడా. అల్జీమర్స్ వ్యాధిలోను, మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వలన వచ్చే డిమెన్షియాలోను, మెదడు ముందుభాగానికి సోకే డిమెన్షియాలోను ఈ తేడా కనిపించింది. మూడవ భాష, నాల్గవ భాష వలన అదనపు ప్రయోజనం కనిపించలేదు.

హైదరాబాద్ ఎందుకు?

అంతకుముందు, 2007లో, కెనడాలోని టొరంటోలో ఇటువంటి ఫలితమే వచ్చింది. అయితే అక్కడ రెండు భాషలవారిలో అధికులు వలస వచ్చినవారు. ఆ తేడాకు కారణం భాషా, వలస జీవితమా అన్న సందేహం మిగిలిపోయింది. హైదరాబాద్‌లో ఇంట తెలుగు, బజారులో ఉర్దూ లేక హిందీ, కార్యాలయంలో ఇంగ్లీషు మాట్లాడడం స్థానికులకు నిత్యకృత్యం. బడికి వెళ్లని వారు సైతం రెండు భాషలు ధారాళంగా మాట్లాడతారు. నిరక్షరాస్యులలోను ఇదే తేడా కనిపించడంతో, ఇది చదువు వలన వచ్చినది మాత్రమే కాదని పరిశోధకులు నిర్ధారించగలిగారు.

ఒక భాషలో మాట్లాడేటపుడు మెదడు రెండవ భాషను అదుపులో ఉంచి, సందర్భాన్నిబట్టి మార్చుకోవలసి ఉంటుంది. జీవితకాలం సాగే ఈ సాధన వలన మెదడుకు నష్టాన్ని తట్టుకునే శక్తి పెరుగుతుందని శాస్త్రజ్ఞుల భావన. 2016లో ప్రచురితమైన మరొక అధ్యయనంలో, నిమ్స్‌లో నమోదైన 608 మంది పక్షవాత రోగులను పరిశీలించారు. రెండు భాషలవారిలో 40.5 శాతం మందికి, ఒకే భాషవారిలో 19.6 శాతం మందికి పక్షవాతం తరువాత కూడా ఆలోచనాశక్తి సాధారణ స్థాయిలో ఉన్నట్లు వెల్లడైంది.

గమనించవలసిన అంశాలు

రెండు భాషలు వస్తే డిమెన్షియా రాదని ఈ అధ్యయనం చెప్పలేదు. లక్షణాలు ఆలస్యంగా బయటపడ్డాయని మాత్రమే చెప్పింది. ఇది ఆసుపత్రికి వచ్చిన రోగులపై జరిగినదే తప్ప, జనాభా మొత్తంపై జరిగినది కాదు. ఆరోగ్యవంతులను సంవత్సరాల తరబడి పరిశీలించిన అధ్యయనాలను క్రోడీకరించిన 2017 నాటి సమీక్షలో, రెండు భాషలవారికి వ్యాధి ముప్పు తక్కువని రుజువు కాలేదు. ఈ విషయాన్ని ప్రజలకు తెలియజేసేవారు ఈ భేదాన్ని గుర్తుంచుకోవడం అవసరం.

వ్యాధిని గుర్తించే పరీక్షలు రోగి మాట్లాడే భాషలో, అతని చదువుకు తగినట్లుగా ఉండాలి. లేనిపక్షంలో అక్షరం రాకపోవడాన్నే జ్ఞాపకశక్తి లోపంగా పొరబడే ప్రమాదం ఉంది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడం, మలయాళ భాషలలో రూపొందించిన పరీక్షల వివరాలు 2020లో ప్రచురితమయ్యాయి. వీటిని జిల్లా ఆసుపత్రుల వరకు చేర్చి, మతిమరుపుతో వచ్చిన ప్రతి వృద్ధుని అతని మాతృభాషలోనే పరీక్షించగలిగిననాడు ఈ పరిశోధనల ఫలం సామాన్యునికి అందుతుంది.