మీకు తెలుసా? అంకె తగ్గితే పట్టు పెరుగుతుంది!

బెంగళూరులో స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లు దాన్ని రేసు ట్రాక్ మీద తోలాలనుకుంటే, ఎక్కువమంది పట్టేది హోసూరు, కృష్ణగిరి, వేలూరు దారి. దాదాపు 300 కిలోమీటర్లు వెళ్తే శ్రీపెరుంబుదూరు దాటాక ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ (పాత పేరు మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్). ఒక చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. కారును ట్రక్కు మీద తీసుకెళ్తే సరే. లేకపోతే హైవేకీ, ట్రాక్‌కీ అవే నాలుగు టైర్లు.

చాలా టైర్ల పక్కభాగం మీద ‘ట్రెడ్‌వేర్’ అని ఒక అంకె ఉంటుంది. 400, 500 ఉంటే ఎక్కువకాలం మన్నే రకం. 200, అంతకు తక్కువ ఉంటే మెత్తటి రబ్బరు: మలుపుల్లో అతుక్కుపోతుంది, త్వరగా అరిగిపోతుంది. ఈ అంకె వేసుకునేది తయారీదారులే కనుక రెండు కంపెనీల అంకెలను పోల్చి మురిసిపోనక్కర్లేదు.

ట్రాక్ టైర్లకు గాడులు తక్కువ. వేడెక్కితేనే వాటి అసలు పట్టు తెలుస్తుంది. బెంగళూరు సాయంత్రపు వానలో, నీళ్లు నిలిచిన రోడ్డు మీద అవే జారుడుబండలు. ఊళ్లోనే ఎక్కువ తిరిగేవాళ్లకు మామూలు స్పోర్ట్స్ టైర్లే మేలని నా ఓటు.

గాలి సంగతి మరీ ముఖ్యం. 30 డిగ్రీల దగ్గర 32 పీఎస్ఐ పట్టిస్తే, టైరులో గాలి 80 డిగ్రీలకు వేడెక్కేసరికి అది దాదాపు 40 అవుతుంది. అందుకే ట్రాక్ దగ్గర కొంత గాలి తీసేస్తారు. తిరుగు ప్రయాణానికి ముందు, టైర్లు చల్లారాక, మళ్లీ పట్టించాలి. మరిచిపోతే గుంతలో పడ్డప్పుడు రిమ్ము వంగొచ్చు.