కుంగుబాటు, కుంగుబాటు వంటి ప్రవర్తన: ప్రయోగశాల ఎలుకల సాక్ష్యం

మానసిక కుంగుబాటుకు వాడదగిన ఔషధాలను పరీక్షించేందుకు ఎలుకలను ఒత్తిడికి గురిచేయడం దాదాపు అర్ధశతాబ్దిగా సాగుతున్న పద్ధతి. తన వేదనను మాటలలో చెప్పలేని ప్రాణి మనఃస్థితిని ఏ ఆధారంతో నిర్ణయిస్తున్నారన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న. ప్రాణాతిపాత విరతిని శీలంగా స్వీకరించినవారికి ఇది పరాయి ప్రశ్న కాదు.

1977లో పోర్సోల్ట్ బృందం ప్రకటించిన పరీక్ష వీటిలో ప్రసిద్ధం. తప్పించుకునే వీలులేని నీటి పాత్రలో ఎలుకను మొదటి రోజు 15 నిమిషాలు, మరునాడు 5 నిమిషాలు ఉంచుతారు. అది మొదట ఈదుతుంది, గోడ ఎక్కబోతుంది; పిమ్మట తల మునగకుండా ఉండేందుకు కావలసినంత మాత్రమే కదులుతూ తేలుతుంది. ఈ నిశ్చలతను పరిశోధకులు నిరాశగా భావించారు. కుంగుబాటు మందులు ఇచ్చినప్పుడు నిశ్చలంగా ఉండే కాలం తగ్గింది.

1987లో విల్నర్ బృందం మరొక మార్గం అనుసరించింది. తడిసిన పరుపు, వంచిన పంజరం, రాత్రంతా వెలిగే దీపం వంటి స్వల్ప బాధలను వారాల తరబడి, ముందుగా ఊహించడానికి వీలులేని క్రమంలో కలిగిస్తారు. సాధారణంగా మంచినీటికన్నా తీపినీటిని కోరే ఎలుక, ఈ స్థితిలో దానిని తక్కువగా తాగుతుంది. సుఖానుభూతి తగ్గిందనడానికి దీనిని చిహ్నంగా గ్రహిస్తారు.

ఇక్కడ పరిశీలన వేరు, వ్యాఖ్యానం వేరు. తవ్వకంలో బయటపడిన బూడిద పొర అక్కడ నిప్పు రగిలినదని తెలుపుతుంది. అది దాడి వల్లనా, ప్రమాదం వల్లనా అన్నది ఇతర ఆధారాలతో తేల్చవలసిందే. అట్లే ఎలుక నిశ్చలత నిరాశ కావచ్చు. తప్పించుకోలేనని నేర్చుకొని శక్తిని పొదుపు చేసుకోవడమూ కావచ్చు. పైగా మనుషులలో ఈ మందుల ఫలితం కనబడడానికి సాధారణంగా వారాలు పడుతుంది. నీటి పరీక్షలో ఒకటి రెండు రోజులలోనే కనబడుతుంది. అపరాధభావన, ఆత్మనింద వంటి లక్షణాలను ఎలుకలో కొలిచే మార్గం లేదు. అందుచేతనే జాగ్రత్తగల పరిశోధకులు ‘కుంగుబాటు’ అనక ‘కుంగుబాటు వంటి ప్రవర్తన’ అంటారు.

నైతికమైన చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఎలుక వేదన మనిషి వేదనను ఎంతగా పోలితే ప్రయోగానికి అంత విలువ; దానిని కలిగించడం అంత బరువైన చర్య. పోలిక తక్కువైతే ఆ బాధకు సమర్థనయే సన్నగిల్లుతుంది. 1959లో రస్సెల్, బర్చ్ ప్రత్యామ్నాయం, సంఖ్య తగ్గింపు, బాధ తగ్గింపు అనే మూడు సూత్రాలను ప్రతిపాదించారు. వీలైనచోటల్లా జంతుప్రయోగాలను మానుకోవాలన్న ఆశయం భారతదేశపు 1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టంలోనూ ఉంది.

కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ లభించిన అశోకుని శిలాశాసనాలలో మొదటిది ప్రాణివధను నియంత్రిస్తుంది. రెండవది మనుషులకూ పశువులకూ చికిత్స ఏర్పాట్లను తెలుపుతుంది. అక్కడ పక్కపక్కన నిలిచిన ఈ రెండు ధర్మాలు నేటి ప్రయోగశాలలో ఒకదానితో ఒకటి తలపడుతున్నాయి. కనుక ఇటువంటి పరిశోధనను చదివేవారు మొదట అడగవలసినది: కొలిచినది ఏమిటి? దానికి పెట్టిన పేరు ఆ కొలతకు మించి చెబుతున్నదా?