కుంచె పట్టిన చేతికి డిజిటల్ పెన్ను

మదనపల్లె, పుంగనూరు, కుప్పం బజార్లలో అంగళ్ల పేర్లన్నీ ఒకప్పుడు చేతిరాతే. గోడ మీద ప్రకటన కావాలన్నా, గంగమ్మ జాతరకు గుడ్డ బ్యానరు కావాలన్నా ఆర్టిస్టు దగ్గరికే పోవాలి. దారంతో గీత కొట్టి, సుద్దముక్కతో అక్షరాల కొలత పెట్టుకుని, ఎనామిల్ పెయింటుతో రాసేవాడు. 2000 తర్వాత ఫ్లెక్సీ ప్రింటింగ్ ఊరూరికీ చేరడంతో ఆ పని చాలామటుకు డీటీపీ సెంటర్లకు వెళ్లిపోయింది. ఇరవై ముప్పై ఏళ్లు కుంచె పట్టిన మనిషి ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలా? నేర్చుకోవాలనే నా అభిప్రాయం. అయితే కుంచె పారేసి కాదు, ఆ చేతిలో ఉన్న విద్యను వెంట తీసుకుని.

కష్టం ఎక్కడ వస్తుందో ముందు తెలుసుకోవాలి. చవకగా దొరికే పెన్ టాబ్లెట్‌కు తెర ఉండదు. చెయ్యి బల్ల మీద కదులుతుంది, గీత ఎదురుగా మానిటర్ మీద పడుతుంది. చేతిని చూస్తూ గీయడం అలవాటైన వాళ్లకు మొదట్లో గీత వంకర పోయేది ఇందుకే, చేతిలో పస తగ్గి కాదు. రెండోది జారుడు. గోడ, కాగితం కుంచెను కాస్త పట్టి ఆపుతాయి, ప్లాస్టిక్ పలక ఆపదు. దాని మీద మామూలు కాగితం అంటించుకుంటే ఇబ్బంది తగ్గుతుంది, పెన్ను మొన మాత్రం త్వరగా అరుగుతుంది. మూడోది జూమ్. గోడ మీద రాసేవాడు నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూసుకుంటాడు. తెర మీద ఒక్క కన్నునే పెద్దది చేసుకుని దిద్దుతూ కూర్చుంటే మొత్తం బొమ్మ తూకం తప్పుతుంది. నాలుగోది అన్‌డూ. తప్పు క్షణంలో చెరిగిపోతుంది కాబట్టి ఒకే గీతను పదేపదే గీసి చెరిపే అలవాటు పట్టుకుంటుంది. ఒక్క విసురులో రాసే ధైర్యం పోగొట్టుకోకూడదు.

లాభాలూ తక్కువేం కాదు. లేయర్లంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శకమైన కాగితాల వంటివి. గీత ఒకదాని మీద, రంగు ఇంకొకదాని మీద ఉంటాయి గనుక, రంగు మార్చినా గీత చెడదు. పెన్ను నొక్కినకొద్దీ గీత లావవుతుంది, కుంచె నడక తెలిసిన చేతికి ఇది త్వరగా పట్టుబడుతుంది. రంగుల ఖర్చు ఉండదు, ఆరేదాకా ఆగక్కర్లేదు.

మొదట్లో రెండు సంగతులు చాలామందిని తికమకపెడతాయి. ఫోటోషాప్‌లో వేసిన బొమ్మ చుక్కల పోగు. అంగుళానికి 300 చుక్కల లెక్కన ఏ4 కాగితానికి 2480 అడ్డం, 3508 నిలువు కావాలి. అంతకంటే చిన్నగా వేసి సాగదీస్తే మసకబారుతుంది. కోరల్‌డ్రాలో, ఇంక్‌స్కేప్‌లో గీసింది లెక్కలతో నిలిచే గీత, విజిటింగ్ కార్డు నుంచి పెద్ద హోర్డింగు దాకా ఎంత పెంచినా చెదరదు. ఇక రంగు: తెర కాంతితో వెలుగుతుంది, ప్రింటు సిరాతో పడుతుంది. తెర మీద మెరిసిన పచ్చ, నీలం కాగితం మీద డల్లుగా వస్తే తప్పు ఆర్టిస్టుది కాదు. ముందే చిన్న ముక్క ప్రింటు తీసి చూసుకోవాలి.

అసలు విలువ ఉన్నది అక్షరాల్లో. మదనపల్లె అని రాసేటప్పుడు ల వత్తు కింది వరుసకు తగలకుండా, కుప్పం అని రాసేటప్పుడు ప వత్తు పక్క అక్షరాన్ని తోసెయ్యకుండా చోటు చూసి సర్దడం బోర్డు ఆర్టిస్టుకు వెన్నతో పెట్టిన విద్య. ఫాంటు అలా సర్దలేదు, ముందుగా నిర్ణయించిన చోటే వత్తును పెడుతుంది. తెలుగులో అలంకార ఫాంట్లు ఇంగ్లీషుతో పోలిస్తే బాగా తక్కువ. అందుకే ఏ ఊళ్లో చూసినా ఫ్లెక్సీల మీద అవే నాలుగైదు రకాల రాతలు. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా విడుదల చేసిన ఫాంట్లు ఈ కొరతను కొంత తీర్చాయి. శ్రీకాళహస్తి కవి పేరుతో వచ్చిన ధూర్జటి ఫాంటును పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించారు. లైసెన్సు ప్రకారం దాన్ని ఎవరైనా విప్పి చూసి, మార్చుకోవచ్చు. కుంచెతో కాగితం మీద రాసి, స్కాన్ చేసి, ఇంక్‌స్కేప్‌లో గీతగా మార్చి, ఫాంట్‌ఫోర్జ్ అనే సాఫ్ట్‌వేర్‌లో పేర్చితే సొంత ఫాంటు తయారవుతుంది. గుణింతాలు, వత్తులు కలిపి వందల రూపాలు గీయాలి. ఓపిక పని, కానీ ఫలితం పదికాలాలు నిలుస్తుంది.

వయసు అడ్డమనుకునేవారికి రెండు ఉదాహరణలు. 1919లో మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కళాశాలలో ఉండి జనగణమనకు ఇంగ్లీషు పాఠం రాసిన ఠాగూర్ అప్పటికే నోబెల్ అందుకున్న కవి. చిత్రకళను గట్టిగా పట్టుకున్నది అరవై దాటాకే. రాతప్రతుల్లో కొట్టివేతలను కలుపుతూ పోయి ఆకారాలు తీశారు, 1930లో పారిస్‌లో ఆయన బొమ్మల ప్రదర్శన జరిగింది. బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ డెబ్బై దాటాక ఐఫోన్ మీద, 2010లో ఐప్యాడ్ మీద బొమ్మలు మొదలుపెట్టారు. 2011 వసంతాన్ని ఐప్యాడ్‌లో గీసి, పెద్ద ప్రింట్లుగా 2012లో లండన్ రాయల్ అకాడమీలో చూపించారు. అదే ప్రదర్శనలో ఆయన నూనెరంగుల కాన్వాసులూ ఉన్నాయి. కొత్తది పట్టుకోవడానికి ఆయన పాతది వదలలేదు.

మొదలుపెట్టడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. క్రిటా, ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్లు ఉచితం. బాగా వచ్చిన పనితోనే, అంటే సొంత రాతలో ఒక అంగడి పేరుతో ప్రారంభించండి. డీటీపీ సెంటర్ల యజమానులు ఊళ్లో ఉన్న ఆర్టిస్టును పక్కన కూర్చోబెట్టుకోవాలి. ద్రావిడ భాషల కోసం 1997లో కుప్పంలో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయం, తెలుగు, తమిళం, కన్నడం కలిసే ఈ సరిహద్దులో మిగిలిన చేతిరాత బోర్డులను ఫోటోలు తీయించి, ఆ అక్షరాలను ఫాంట్లుగా మలిపించే పని చేపట్టాలి. రాసిన చేతులు ఇంకా మన మధ్య ఉండగానే ఆ పని జరగాలి.