పదునైదవ శతాబ్ది లూటు గోష్ఠి: టెనరు స్థానము

ఇటలీలోని ఫెర్రారా నగరము నేలిన ఎస్తే ప్రభువుల యాస్థానమున పియెత్రోబోనో అను లూటు విద్వాంసుడు కలడు. ఈతని రూపముతో 1457లోనే పతకము పోతపోసిరి. 1497లో మరణించువరకు ఈతని కీర్తి తరుగలేదు. ఐనను ఈతడు వాయించినదానిలో ఒక్క స్వరమైనను లిఖితరూపమున దక్కలేదు. ఆనాటి గోష్ఠివాదనమును నేడు మరల వినిపింపబూనువారి చిక్కంతయు ఇందే యున్నది.

లూటు అరబ్బుల ఊద్ వాద్యమునుండి పుట్టినది. బేరిపండును నిలువున చీల్చినట్టి బుర్ర, వెనుకకు విరిగిన బిరడలపెట్టె దీని లక్షణములు. మెట్లు మన వీణకువలె మైనమున నిలిపినవి కావు; ప్రేగుదారమును మెడచుట్టు బిగించి కట్టినవి. తంత్రులును ప్రేగువే, జంటలుగా నుండును.

ఆ శతాబ్ది చివరి దశాబ్దులవరకు దీనిని పక్షి యీకతో మీటుటయే ప్రధానమగు వాడుక. ఈకతో ఒక స్వరపంక్తిని మిక్కిలి వడిగా నడపవచ్చును గాని, ఎడమెడముగా నున్న తంత్రులను ఒక్కమారు పలికింపరాదు. ఆనాటి గీతములలోనో మూడు నాలుగు వరుసలు ఏకకాలమున వేర్వేరుగా సాగును. కావున ఒంటి లూటు చాలదు. పియెత్రోబోనో పై వరుసను అల్లుచుండగా, టెనరిస్టా అను సహవాదకుడు టెనరు వరుసను నడుపుచుండెడివాడు.

టెనరనగా మన తంబుర శ్రుతివంటిదని చదువరులు తలంపరాదు. శ్రుతి నిలుచును, టెనరు నడచును. అదియు ఒక పాటయే. పై వరుస తన ముగింపులను దానితో కలిసియే పొందును. ఇది గమనింపక రెండవ వాద్యమును వట్టి ఆధారధ్వనిగా అణచి వాయించువారి కచేరి మాకు రుచింపదు.

ఈ పద్ధతికి మంచి సాక్ష్యము 1507లో వెనిసు నగరమున పెత్రూచ్చి అచ్చొత్తిన స్పినచీనో గ్రంథము. అందలి లిపిలో ఆరు గీతలు ఆరు తంత్రీస్థానములు. గీతపై అంకె వ్రేలుంచవలసిన మెట్టును తెలుపును, స్వరనామమును కాదు. హేన్ వాన్ గిజెగెమ్ రచించిన 'ద తూ బియాఁ ప్లేన్' అను ఫ్రెంచి ప్రేమగీతమును స్పినచీనో రెండు లూటులకు పంచినాడు. ఒకటి టెనరును, దాని తోడివరుసను గైకొనును. రెండవది పై వరుసను సన్నని స్వరముల పరుగుగా మార్చును. ఆ పరుగు ఈకకు తగినది. రెండు వరుసల భారము వ్రేళ్లకు తగినది. పాత చేయి, క్రొత్త చేయి ఇచట ప్రక్కప్రక్కనే కూర్చున్నవని మేమనుకొందుము. ఒక్కడే మూడు నాలుగు వరుసలు పలికించువారు కలరని తింక్తోరిస్ అంతకుముందే, 1480 ప్రాంతమున, వ్రాసియుండెను.

ఇక వాయించువారికి మిగులు కష్టము నాదక్షయము. మీటిన తంత్రి వెంటనే సన్నగిల్లును. టెనరులోని దీర్ఘస్వరము నడుమనే చచ్చిపోవును. దానిని మరల మీటవలెను, లేదా చిన్న స్వరములతో నింపవలెను. నింపుటయు పై లూటు విశ్రమించినపుడే మేలు. రెండును ఒక్కమారు పరుగెత్తినచో పాట యేదియో వినువారికి తెలియదు.