ఐదని రాసి నాలుగు తూచే రాయి

కొలతల పాఠం మధ్యలో ఒక అమ్మాయి లేచి అడిగింది: "త్రాసు సరైనదో కాదో పరీక్షించొచ్చు సార్. మరి రాయి సరైనదేనని ఎలా తెలుస్తుంది?" ఈ ప్రశ్నకు నాకు అన్నిటికన్నా నచ్చిన జవాబు పాత యూదా రాజ్యపు తూకపు రాళ్లలో ఉంది.

క్రీ.పూ. 8, 7 శతాబ్దాల్లో యెరూషలేములో చెల్లింపులు తూకం మీదే నడిచేవి. వెండి కడ్డీలు, విరిగిన నగలు, తీగ ముక్కలు సంచిలో పట్టుకెళ్లి, కావలసినంత నరికి తూచి ఇచ్చేవారు. అబ్రాహాము మక్పేలా పొలానికి 400 షెకెళ్ల వెండి తూచి ఇచ్చాడని బైబిల్లోని ఆదికాండం చెబుతుంది. యిర్మీయా ప్రవక్త అనాతోతు పొలానికి తూచింది 17 షెకెళ్లు. తవ్వకాల్లో దొరికిన రాళ్లను బట్టి షెకెలు సుమారు 11.33 గ్రాములు. మన పాత తులం 11.66 గ్రాములు కాబట్టి, ఆ పొలాల వెల మనకు తేలిగ్గానే ఊహకందుతుంది.

రాళ్లు ఎక్కువగా సున్నపురాతివి. అడుగు చదును, పైన గుమ్మటం. దొర్లిపోవు. నున్నటి గుమ్మటం మీద పెచ్చు ఊడితే ఇట్టే కనిపిస్తుంది.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. త్రాసు దొంగదైతే పట్టుకోవడం సులువు. ఒకసారి తూగాక వెండినీ రాయినీ తట్టలు మార్చి పెట్టాలి. కాడ చేతులు రెండూ సమానమైతే మళ్లీ తూగుతుంది, లేకపోతే ఒక పక్కకి మొగ్గుతుంది. కానీ రాయే దొంగదైతే ఎన్నిసార్లు మార్చినా త్రాసు చక్కగా తూగుతూనే ఉంటుంది. అందుకే ద్వితీయోపదేశకాండం సంచిలో పెద్దదీ చిన్నదీ రెండు రకాల రాళ్లు ఉంచుకోవద్దని ఆజ్ఞాపించింది. ఆమోసు ప్రవక్త మండిపడిన వర్తకులు ధాన్యం కొలిచే ఏఫాను తగ్గించి షెకెలును పెంచేవారు. షెకెలు రాయి బరువెక్కితే కొనేవాడి సంచిలోంచి అదనపు వెండి రాలుతుంది.

రాళ్లను రాళ్లతోనే పరీక్షించాలి. యూదా వరుస 1, 2, 4, 8, 16, 24, 40 షెకెళ్లు. రెండు 4లు ఒక 8కి తూగాలి, ఒక 8, ఒక 16 కలిపితే 24కి తూగాలి. ఒక రాయి తప్పితే మిగతావి పట్టిస్తాయి. అయినా మొత్తం వరుసను ఒకే పాళ్లలో పెంచిన గడుసువాణ్ణి ఇది కూడా పట్టుకోలేదు. అందుకు బయటి సాక్షి కావాలి.

ఇక్కడే అసలు అందం ఉంది. ఈ రాళ్ల మీద షెకెలు గుర్తుగా ఒక మెలిక, దాని పక్కన ఈజిప్టు లేఖకుల అంకె చెక్కి ఉంటాయి. 5 అని ఉన్న రాయి నాలుగు షెకెళ్లే తూగుతుంది. 10 అని ఉన్నది 8, 20 ఉన్నది 16, 30 ఉన్నది 24. మొదట చూసినవాళ్లకు ఇదొక చిక్కుముడి. పురావస్తు పరిశోధకుడు యోహానాన్ అహరోని 1966లో ఈ అంకెలను హెబ్రీ పెంకు రాతల్లోని ఈజిప్టు అంకెలతో కలిపి పరిశీలించాడు. ముడి విప్పేది ఈజిప్టు తూకమే. అక్కడి కెదెత్ సుమారు 9.1 గ్రాములు, పది కెదెత్‌లు ఒక దెబెన్. నాలుగు షెకెళ్లు 45.3 గ్రాములు, ఐదు కెదెత్‌లు 45.5. ఎనిమిది షెకెళ్లు ఒక దెబెన్! అంటే రాయి తన బరువును యూదా లెక్కలో తూస్తూ, ఈజిప్టు లెక్కలో చెబుతోంది. నైలు తీరం నుంచి వచ్చిన వర్తకుడు తన దెబెన్ రాయిని ఎదురు తట్టలో పెడితే చాలు, యూదా వరుస నిజాయితీ తేలిపోతుంది. పరాయి కొలతకు ఇలా అతికేలా సొంత కొలతను అమర్చుకోవడం నాకు గొప్ప ఇంజనీరింగ్‌గా తోస్తుంది.

పనితనం కూడా తక్కువది కాదు. యెరూషలేములో పశ్చిమ గోడ పక్కన బయటపడి 2020లో ప్రకటించిన రెండు షెకెళ్ల రాయి 23 గ్రాములుంది. ఉండాల్సిన దానికి తేడా గ్రాములో మూడో వంతు. 2018లో వెలుగు చూసిన ఒక అర షెకెలు రాయి మీదేమో 'బెకా' అనే పేరు అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంది. ముద్రలు తిరగేసి చెక్కే అలవాటున్నవాడే దాన్నీ చెక్కి ఉంటాడు.

ఆ తర్వాతి కథ వేగంగా నడిచింది. లిడియాలో పుట్టిన నాణెం పర్షియన్ల కాలానికి యూదాకు చేరింది, తూకం పేరే నాణేనికి పేరయింది. రోమన్ల కాలంలో దేవాలయపు పన్ను అర షెకెలు. దానికి చెల్లిన తూరు పట్టణపు వెండి షెకెలు సుమారు 14 గ్రాములు, పాత యూదా రాయితో తూస్తే దాదాపు షెకెలుంబావు.