సభ్యుడు అడిగితే చెప్పాల్సిందే... మరి ఊరివాడు అడిగితే?

గోలేటి: ఓపెన్ కాస్టులో బ్లాస్టింగ్ జరిగితే పక్క ఊళ్లో గోడ అదురుతుంది. టిప్పర్లు తిరిగితే దుమ్ము లేస్తుంది. భూమి పోతే పరిహారం రావాలి. బొగ్గు మీద కట్టే రాయల్టీని బట్టి గని ఊళ్ల బాగుకు కొంత సొమ్ము జమ అవుతుందంటారు. ఆ సొమ్ము ఎంత? ఎక్కడ ఖర్చు పెట్టారు? పరిహారం జాబితాలో ఎవరెవరి పేర్లు ఉన్నాయి? బొగ్గు గనుల చుట్టూ ఉన్న ఏ ఊళ్లోనైనా నలుగురు కూడిన చోట వచ్చే ప్రశ్నలే ఇవి.

ఇవే ప్రశ్నలు శాసనసభలో ఎమ్మెల్యే అడిగితే రాష్ట్ర మంత్రి, లోక్‌సభలో ఎంపీ అడిగితే కేంద్ర మంత్రి జవాబు చెప్పాలి. మరి ఊరివాడు అడిగితే? చట్టసభ సభ్యుడికి కాదనలేని సమాచారాన్ని మామూలు మనిషికి కూడా కాదనరాదని సమాచార హక్కు చట్టంలో ఒక వాక్యం ఇరవై ఏళ్ల పాటు ఉంది. 2025 నవంబరులో ఆ వాక్యం తొలగిపోయింది. దీని సంగతి ఊళ్లలో చాలామందికి తెలియదు.

ఇద్దరు యజమానులు, రెండు సభలు

సింగరేణిలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. అందువల్ల సింగరేణి మీద ప్రశ్న రెండు సభల్లోనూ వేయవచ్చు. గోలేటి ప్రజల తరఫున ఆసిఫాబాద్ ఎమ్మెల్యే శాసనసభలో అడగవచ్చు. ఆదిలాబాద్ ఎంపీ లోక్‌సభలో బొగ్గు శాఖను అడగవచ్చు.

లోక్‌సభలో ప్రశ్న వేయాలంటే 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రోజుకు 20 ప్రశ్నలకు మంత్రి నోటితో జవాబు చెబుతారు. వీటికి చుక్క గుర్తు ఉంటుంది. వీటి మీద సభ్యులు అనుబంధ ప్రశ్నలు కూడా వేయవచ్చు. మరో 230 ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు వస్తుంది. సభకు తప్పుడు జవాబు ఇస్తే హక్కుల తీర్మానం ఎదుర్కోవాల్సి వస్తుంది కనుక అధికారులు ఒళ్లు దగ్గర పెట్టుకుని జవాబులు తయారు చేస్తారు.

అయితే సభ ఏడాదిలో కొన్ని రోజులే నడుస్తుంది. సభ్యుడికి ఊళ్లు చాలా ఉంటాయి. ప్రతి ఊరి సంగతీ సభ దాకా పోదు.

కారు నిలిపితే ఎంత?

సభ్యులు అడిగినా జవాబు తేలికగా తేలని సంగతులూ ఉన్నాయి. విమానాశ్రయాల్లో పార్కింగ్ రుసుము అలాంటిదే. కొడుకునో అల్లుడినో గల్ఫ్‌కు సాగనంపడానికి ఈ ప్రాంతం నుంచి సుమారు మూడు వందల కిలోమీటర్లు ప్రయాణించి శంషాబాద్ వెళ్లే కుటుంబాలకు ఈ రుసుము తెలిసిందే.

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. దాన్ని నడిపేది ప్రైవేటు సంస్థే అయినా రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం, కేంద్ర విమానాశ్రయాల సంస్థకు 13 శాతం వాటా ఉంది. చార్జీల మీద అదుపు కోసం 2008లోనే పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని కింద ఏర్పడిన నియంత్రణ సంస్థ విమానం దిగినందుకు, నిలిపినందుకు కట్టాల్సిన చార్జీలు నిర్ణయిస్తుంది. కారు నిలిపే రుసుము ఆ జాబితాలో లేదు. అంటే విమానం పార్కింగుకు లెక్క చెప్పే సంస్థ ఉంది కానీ కారు పార్కింగుకు లేదు. ప్రజల భూమి, ప్రజల వాటా ఉన్న చోట కూడా రుసుము ఎవరు, ఏ లెక్కన పెట్టారో సామాన్యుడికి అంతు చిక్కదు. సభ్యులు అడిగి రాబట్టాల్సింది ఇలాంటి సంగతులే.

పది రూపాయల దరఖాస్తు

సభ దాకా పోలేని ఊరివాడి కోసం వచ్చిందే సమాచార హక్కు చట్టం. 2005 అక్టోబరు 12న అది అమలులోకి వచ్చింది. అంతకు ముందు రాజస్థాన్‌లో కూలీలు తమ మస్టర్ రోల్స్ చూపించమని ఏళ్ల తరబడి పోరాడారు. చనిపోయినవాళ్ల పేర్ల మీద, పనికి రానివాళ్ల పేర్ల మీద కూలి డబ్బులు రాసుకున్న సంగతి ఆ కాగితాలను జనం ముందు చదివితేనే బయటపడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2006 తర్వాత ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీ పెట్టి, పేర్లు, కూలి లెక్కలు ఊరి జనం ముందే చదివారు.

ఎందుకు అడుగుతున్నావని అధికారి అడగరాదు. తెలుగులోనే రాయవచ్చు. రాయడం రానివారు నోటితో చెబితే అధికారే రాయించాలి. గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. గడువు దాటితే కాగితాలు ఉచితంగా ఇవ్వాలి. కారణం లేకుండా ఆపిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, 25 వేల వరకు జరిమానా పడవచ్చు. సింగరేణి కూడా ఈ చట్టం కిందికి వస్తుంది.

తీసేసిన వాక్యం

2023 ఆగస్టులో పార్లమెంటు వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. ఫోన్లలో, కంప్యూటర్లలో చేరిన మనుషుల వివరాలు దుర్వినియోగం కాకుండా చూడడం దాని ఉద్దేశం. అది మంచిదే. కానీ అందులోని 44వ సెక్షను సమాచార హక్కు చట్టాన్ని మార్చింది. ఈ మార్పు 2025 నవంబరులో అమలులోకి వచ్చింది.

ఇదివరకు వ్యక్తిగత సమాచారాన్ని నిరాకరించాలంటే, అది ప్రజల పనికి సంబంధం లేనిదో, ఒకరి ఆంతరంగిక విషయంలో అనవసరంగా జోక్యం చేసుకునేదో అయి ఉండాలి. ఇప్పుడు ఆ షరతులు పోయాయి. వ్యక్తిగత సమాచారమైతే చాలు, ఇవ్వనక్కర లేదు. దాంతోపాటే చట్టసభ సభ్యుడికీ సామాన్యుడికీ సమాన హక్కు ఇచ్చిన వాక్యమూ పోయింది.

మొదట అభ్యంతరం చెప్పినవారిలో సభ్యులే ఉన్నారు. గతంలో ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు వెళ్లిన జైరాం రమేశ్ 2025 మార్చిలో కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్‌కు లేఖ రాస్తూ, ఈ వాక్యం పోవడాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించారు. ఆ ఏప్రిల్‌లో 120 మందికి పైగా ప్రతిపక్ష ఎంపీలు 44(3) సెక్షను రద్దు చేయాలని వినతిపత్రంపై సంతకాలు చేశారు. ఇతర చట్టాల ప్రకారం బయట పెట్టాల్సిన వివరాలు ఇకముందు కూడా అందుతాయని, గోప్యత పౌరుడి ప్రాథమిక హక్కని మంత్రి జవాబిచ్చారు.

గని ఊరివాళ్లకు ఇది దూరపు గొడవ కాదు. పరిహారం జాబితా అంటేనే పేర్ల జాబితా. పేర్లు లేకుండా మొత్తం ఒక్కటే చెబితే, సొమ్ము అర్హుడికి చేరిందో లేదో ఎలా తెలుస్తుంది?

మిగిలిన దారి

అయినా తలుపులు పూర్తిగా మూసుకోలేదు. ప్రజా ప్రయోజనం ఎక్కువగా ఉన్నప్పుడు సమాచారం ఇవ్వవచ్చని చెప్పే 8(2) సెక్షను ఇంకా ఉంది. దరఖాస్తులో ఆ మాట స్పష్టంగా రాయాలి. పేర్లతో పని లేని లెక్కలు అడగడానికి అడ్డేమీ లేదు. 2015కు ముందు ఇచ్చిన గని లీజులపై, రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము జిల్లా ఖనిజ నిధికి జమ కావాలి. అది ఎంత వచ్చింది, ఏ ఊళ్లో ఏ పనికి పోయింది అన్నది ఎవరి ఆంతరంగిక విషయమూ కాదు. కొత్త గని పెట్టే ముందు ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందే నోటీసు ఇచ్చి, నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో పెట్టాలి.

జవాబు రాకపోతే పై అధికారికి అప్పీలు, అక్కడా కాకపోతే రాష్ట్ర సమాచార కమిషన్. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు కమిషనర్లే లేక కమిషన్ పడకేసింది. ఆ రెండేళ్లు అప్పీలు చేసినవారికి వాయిదా కూడా దొరకలేదు. చట్టం ఉండి, వినేవారు లేకపోతే ఏమవుతుందో అప్పుడు తేలింది.

ఎమ్మెల్యే, ఎంపీ ఊళ్లోకి వచ్చినప్పుడు రోడ్డు, బోరు అడగడం మామూలే. వాటితోపాటు మా ఊరి లెక్క సభలో అడిగారా, ఆ జవాబు కాగితం ఏదీ అని కూడా అడగాలి. తీసేసిన ఆ ఒక్క వాక్యం మళ్లీ చట్టంలో చేరేలా గొంతు విప్పమని కోరాలి. సభ్యుడికి ఓటు వేసి, అడిగే హక్కు ఇచ్చింది ఊరివాడే మరి.